పత్తి మిల్లు, 6 కొనుగోలు కేంద్రాలు, 41 పరికరాలు: ఒక వీపీఎన్ కేస్ స్టడీ

2025 ఆగస్టు మొదటి వారంలో వరంగల్ శివారులోని ఒక జిన్నింగ్ (పత్తి గింజ తీసే) మిల్లుకు పోయాను. పిలిచిన కారణం చిన్నదే. "టాలీ మస్తు స్లో అయితుంది సార్, ఒకసారి వచ్చి చూడుండ్రి" అన్నారు. టాలీ అంటే వాళ్ల లెక్కల సాఫ్ట్‌వేర్. సర్వర్ ముందు కూర్చొని విండోస్ సెక్యూరిటీ లాగ్ తెరిచాను. 4625 నంబరు ఈవెంట్లు, అంటే తప్పు పాస్‌వర్డ్‌తో లోపలికి రాబోయి ఆగిపోయిన ప్రయత్నాలు, ఎంత కిందికి జరిపినా అయిపోవడం లేదు. నిమిషానికి పది పన్నెండు పడుతున్నాయి. వాళ్లు వాడిన పేర్లు వరుసగా చదివాను. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, యూజర్1, ఆ తర్వాత టాలీ. అక్కడ నా చెయ్యి ఆగింది. ఆ సర్వర్లో టాలీ అనే యూజర్ నిజంగానే ఉంది. దాని పాస్‌వర్డ్ మిల్లు పేరు, వెనక 123.

రౌటర్ చూస్తే 3389 పోర్టు, అంటే రిమోట్ డెస్క్‌టాప్‌తో దూరం నుంచి సర్వర్ తెర తెరిచే ద్వారం, బయటి నుంచి నేరుగా సర్వర్‌కు మళ్లించి ఉంది. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి లెక్కలు రాయడానికి ఎవరో పెట్టిన ఏర్పాటు అది. తర్వాత కొనుగోలు కేంద్రాల గుమస్తాలందరూ అదే దారికి అలవాటు పడ్డారు. సేటుకు లాగ్ చూపించి, "ఈ వచ్చేటోళ్లలో ఒక్కడికి పాస్‌వర్డ్ దొరికితే సీజన్ నడుమల మీ లెక్కలన్నిటికీ తాళం వేసి పైసలు అడుగుతడు" అని చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు: "దసరాలోపు అయితదా?" దసరా అక్టోబరు 2. చేతిలో 8 వారాలున్నాయి. కొత్త పత్తి మార్కెట్‌కు మొదలయ్యాక మిల్లులో ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు.

పాస్‌వర్డ్ ఆ పూటే మార్పించాను. పోర్టు మాత్రం ఆరోజే మూయలేకపోయాను, ఎందుకంటే 6 ఊళ్లలో పని దాని మీదే నడుస్తోంది. బయటి దేశాల ఐపీలు (ఇంటర్నెట్ చిరునామాలు) ఆగేలా రౌటర్లో ఒక అడ్డు పెట్టాను. ఆ పోర్టు బదులు వీపీఎన్, అంటే మన పరికరాలకే దారి ఇచ్చే తాళం వేసిన సొరంగం (టన్నెల్), పెట్టడానికి ముందు పరికరాల లెక్క మొదలుపెట్టాను.

తిరిగిన వారం

మొదటి వారం ఏ సాఫ్ట్‌వేరూ ముట్టుకోలేదు. నోటుబుక్కు పట్టుకొని జమ్మికుంట, పరకాల, నర్సంపేట, కేసముద్రం, భూపాలపల్లి, కాటారం తిరిగాను. ఆఫీసులో ఇచ్చిన లిస్టులో 24 పరికరాలున్నాయి. తిరిగొచ్చేసరికి నా పుస్తకంలో 41 అయ్యాయి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు 14, కాంటాలకు కలిపిన డెస్క్‌టాప్‌లు 6, సేటుది, వాళ్ల అబ్బాయిది కలిపి ఐఫోన్లు 2, అబ్బాయి మ్యాక్‌బుక్ ఒకటి, హనుమకొండలో లెక్కలు చూసే సీఏ ఆఫీసు కంప్యూటర్ ఒకటి. మిగిలిన 17 గుమస్తాల సొంత ఆండ్రాయిడ్ ఫోన్లు. ఆఫీసు లిస్టులో లేనివి సరిగ్గా ఇవే. కాంటా దగ్గర దూదిపింజలు, దుమ్ము. అక్కడికి ల్యాప్‌టాప్ తీసుకుపోతే పాడైతదని గుమస్తాలు ఫోన్లోనే రిమోట్ డెస్క్‌టాప్ యాప్ వేసుకొని తేమ శాతం, తూకం ఎక్కిస్తున్నారు. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) కూడా అక్కడి నుంచే ప్రింటుకు పంపుతున్నారు. వాళ్ల తప్పేం లేదు, పని ఆగకుండా వాళ్లకు వాళ్లే దారి చూసుకున్నారు.

చాలామంది వీపీఎన్ అంటే సర్వర్ పెట్టి, యాప్ వేసి రావడం అనుకుంటారు. ఏ తాళంచెవి ఎవరి చేతిలో ఏ పరికరంలో ఉందో చెప్పలేని చోట ఎంత మంచి వీపీఎన్ పెట్టినా పెట్టనట్టే అని నా నమ్మకం. ఈ కేసులో నాకు సగం కాలం పట్టింది ఆ పుస్తకం రాయడానికి, దాన్ని నిజంగా ఉంచడానికి. టన్నెల్ లేపడానికి పట్టింది ఒక్క సాయంత్రం.

ఏది ఎంచుకున్నాం

పాత రౌటర్లో పీపీటీపీ అనే పాత రకం వీపీఎన్ ఉంది. దాన్ని తలచుకోవడం కూడా అనవసరం. దాని భద్రతలోని లోపాలు ఎప్పుడో బయటపడ్డాయి, ఐఫోన్ల నుంచి 2016లోనే తీసేశారు, ఆండ్రాయిడ్ 12 నుంచి కొత్త ప్రొఫైల్ చేర్చుకోవడానికీ వీల్లేదు. ఐకేఈవీ2 అనే రకం విండోస్‌లో, ఐఫోన్‌లో ముందే ఉంటుంది, వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా తట్టుకుంటుంది. అయితే సర్టిఫికెట్లు చూసుకునే మనిషి మిల్లులో ఉండాలి. ఓపెన్‌వీపీఎన్ 2001 నుంచి నిలబడింది, వెబ్‌సైట్లు వాడే 443 పోర్టులో టీసీపీ (పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపే పద్ధతి) మీద పెడితే దాదాపు ఎక్కడైనా దూరుతుంది. కానీ సిగ్నల్ సరిగా లేని చోట టీసీపీలో టీసీపీ నడిపితే పోయిన ప్యాకెట్లను రెండు పొరలూ మళ్లీ మళ్లీ పంపుకుంటూ లైను కుంగిపోతుంది. కాటారంలో మాకున్నది అలాంటి సిగ్నలే.

వైర్‌గార్డ్ అనే వీపీఎన్ తీసుకున్నాం. 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్ 5.6తో పాటే లోపలికి వచ్చేసింది. పోయిన ప్యాకెట్ కోసం ఆగని యూడీపీ మీద నడుస్తుంది, చిన్న రౌటర్ కూడా మోస్తుంది. ఫోన్ ఒక టవర్ వదిలి ఇంకో టవర్ పట్టుకున్నా, పరికరం కొత్త చిరునామా నుంచి ఒక్క సరైన ప్యాకెట్ పంపితే చాలు, అవతలి వైపు దాన్ని గుర్తుపట్టి అటే జవాబిస్తుంది. గుమస్తా మళ్లీ కనెక్ట్ నొక్కాల్సిన పని లేదు. దీనికున్న లోటు కూడా సేటుకు ముందే చెప్పాను. ఇందులో యూజర్ పేరు, ఓటీపీ లాంటివేమీ ఉండవు. కీ, అంటే పరికరంలో దాచిన రహస్య తాళంచెవి, ఉన్న పరికరమే మనిషి. ఫోన్ పోతే, మనం కీ తీసేసేదాకా దొరికినవాడు లోపలి మనిషే. అందుకే ప్రతి ఫోన్‌కు స్క్రీన్ లాక్, ప్రతి మనిషికి సర్వర్లో విడి పాస్‌వర్డ్ తప్పనిసరి చేశాం. ఇదే పని 500 మంది ఉన్న సంస్థలో అయితే ఉద్యోగి లాగిన్‌తో, రెండో ధృవీకరణతో నడిచే వీపీఎన్ తీసుకునేవాణ్ని.

మిల్లుకు రెండు లైన్లు. ఒకటి స్టాటిక్ ఐపీ (మారని చిరునామా) ఉన్న ఫైబర్, రెండోది అది తెగినప్పటి కోసం పెట్టుకున్న చిన్న కనెక్షన్. రెండోదాని బయటి వైపు (వ్యాన్) చిరునామా 100.71తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న చిరునామా కనిపిస్తే అది సీజీనాట్, అంటే కంపెనీ వందలమందికి ఒకే పబ్లిక్ ఐపీ పంచుతోంది, బయటి నుంచి మనల్ని ఎవరూ పిలవలేరు. మిల్లులోనే వీపీఎన్ సర్వర్ పెడితే, రోడ్డు పనుల్లో ఫైబర్ తెగిన రోజు 6 కేంద్రాలూ ఆగిపోతాయి. అందుకే హబ్‌ను, అంటే అన్నీ వచ్చి కలిసే వీపీఎన్ సర్వర్‌ను, హైదరాబాద్‌లోని డేటా సెంటర్లో ఒక చిన్న లినక్స్ మెషిన్ మీద పెట్టాను. మిల్లు రౌటర్ కూడా మిగతావాటిలాగే లోపలి నుంచి దానికి ఫోన్ చేస్తుంది. అన్నిటికీ 25 సెకన్ల కీపలైవ్ (ఉన్నానని చెప్పే చిన్న ప్యాకెట్) పెట్టాం, మధ్యలో చిరునామాలు మార్చే నాట్ దారి మూసుకుపోకుండా. అక్టోబరులో రెండుసార్లు ఫైబర్ తెగింది. రెండో లైను మీదికి రావడానికి నిమిషం లోపే పట్టింది.

192.168.1.10

సెప్టెంబరు మొదట్లో నర్సంపేట గుమస్తాతో ట్రయల్ మొదలుపెట్టాం. కాంటా దగ్గర మొబైల్ డేటా మీద ల్యాప్‌టాప్ చక్కగా నడిచింది. రాత్రి ఇంటి నుంచి ఫోన్ చేశాడు.

"సార్, పచ్చ గుర్తు వస్తుంది గానీ లోపలికి పోతలేదు."

"ఇంట్ల వైఫై మీద ఉన్నవా అన్నా?"

"అవ్ సార్. వైఫై బంద్ చేసి ఫోన్ హాట్‌స్పాట్ పెడితే మళ్ల వస్తుంది."

మిల్లు నెట్‌వర్క్ 192.168.1, అందులో సర్వర్ 192.168.1.10. అతని ఇంటి రౌటర్ కూడా 192.168.1. కొన్న రోజు డబ్బాలోంచి తీసినప్పటి నుంచి ఎవరూ మార్చలేదు, చాలా ఇళ్లలో ఇంతే. సర్వర్ కోసం ల్యాప్‌టాప్ వెతికితే "అది మన ఇంట్లోదే కదా" అనుకొని టన్నెల్‌కు పంపకుండా ఇంటి వైఫైలోనే అరుస్తోంది. మొదట ఒక పూత పూశాను: సర్వర్ ఒక్క చిరునామాకే 32 బిట్ల రూట్ ఇచ్చి టన్నెల్‌లోకి మళ్లించాను. చిన్న రూట్‌కే ముందు మర్యాద కాబట్టి నడిచింది. మూడో రోజు మళ్లీ ఆగింది. ఆ రాత్రి ఇంటి రౌటర్ ల్యాప్‌టాప్‌కే 192.168.1.10 ఇచ్చింది. సర్వర్‌ను పిలిస్తే తనను తానే పిలుచుకుంటోంది.

ఇక మిల్లు నెట్‌వర్క్ చిరునామాలే మార్చాలని నిర్ణయించాం. మార్కెట్‌కు సెలవున్న ఆదివారం పొద్దున 7 గంటలకు మొదలుపెట్టాను. ఎవరి ఇంట్లోనూ ఉండే అవకాశం తక్కువని 10.47.20 ఎంచుకున్నాను. కేంద్రాలకు 10.47.31 నుంచి 10.47.36 దాకా ఊరికొకటి. సర్వర్, ప్రింటర్లు మధ్యాహ్నానికి అయిపోయాయి. కెమెరాల డీవీఆర్, హాజరు వేలిముద్ర మెషిన్ ఇంకో రెండు గంటలు తిన్నాయి. చివరికి చిక్కు పెట్టింది వే బ్రిడ్జి. తూకం సాఫ్ట్‌వేర్ తెరలో ఎక్కడా ఐపీ మార్చే చోటు లేదు. దాని ఫోల్డర్లో ఉన్న ప్రతి ఫైలూ నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెతికితే, ఒక ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైలు చివరి వరుసలో పాత ఐపీ దొరికింది. దాన్ని మార్చి, ఖాళీ ట్రాక్టర్‌ను కాంటా ఎక్కించి, స్లిప్పు బయటికి వచ్చేదాకా నిలబడ్డాను. అప్పుడు రాత్రి 9. ఈ పని చేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది: ఆఫీసు 192.168.1లో గానీ 192.168.0లో గానీ ఉంటే వీపీఎన్ పెట్టేముందే చిరునామాలు మార్చండి. తర్వాత మార్చడం మూడింతల కష్టం.

తెర నల్లగా ఆగిపోతే

కేసముద్రంలో ఇంకో రకం తిప్పలు వచ్చింది. పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) వస్తుంది, హ్యాండ్‌షేక్ (రెండు వైపులా కీలు సరిచూసుకోవడం) పడుతుంది, రిమోట్ డెస్క్‌టాప్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ తర్వాత తెర నల్లగా ఆగిపోతుంది. చిన్న ప్యాకెట్లు పోయి పెద్దవి పోకపోతే ఇలాగే ఉంటుంది. వైర్‌గార్డ్ తన ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1420గా పెట్టుకుంటుంది, కింద మామూలు 1500 లైను ఉందనుకొని 80 బైట్లు తీసేస్తుంది. అక్కడి ఫైబర్ పీపీపీవోఈ అనే లాగిన్ పద్ధతి మీద వస్తోంది, అది 8 బైట్లు తింటుంది. మొబైల్ నెట్‌వర్కులు కొత్త తరం చిరునామాలైన ఐపీవీ6 మీదికి మార్చేటప్పుడు ఇంకొన్ని తింటాయి. ఒక్కో చోట కొలుచుకుంటూ కూర్చోకుండా అన్ని పరికరాలకూ 1280 రాసేశాం. వేగంలో కొంత పోతుంది, కానీ టాలీ తెరకు అది లెక్కలోకి రాదు.

పరికరాల మీదికి ఎక్కించడం

ల్యాప్‌టాప్‌లు సులువుగా అయ్యాయి. విండోస్ 10కు అక్టోబరు 14తో సపోర్టు ముగుస్తుందని, మార్చదగిన 11 ల్యాప్‌టాప్‌లను ముందే విండోస్ 11కు మార్చాం, 3 కొత్తవి కొన్నారు. వైర్‌గార్డ్‌ను సర్వీస్‌గా పెట్టాం, మెషిన్ లేవగానే టన్నెల్ లేస్తుంది. అడ్మిన్ కాని యూజర్‌కు మామూలుగా ఆ విండో తెరుచుకోదు. రిజిస్ట్రీలో లిమిటెడ్ ఆపరేటర్ యూఐ అనే విలువ 1 చేసి, యూజర్‌ను నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్ గ్రూపులో చేరిస్తే ఆన్, ఆఫ్ మాత్రం చేసుకోగలడు, కీ చూడలేడు. కాన్ఫిగ్ ఫైలును విండోస్ ఆ మెషిన్‌కే తాళం పడేలా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అంత జాగ్రత్త ఉన్నా, మనం తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైలు మిగిలిపోతే లాభం లేదు, కాబట్టి అక్కడికక్కడే చెరిపేయాలి.

కాంటా డెస్క్‌టాప్‌లలో రెండు ఇంకా విండోస్ 7. 2020 జనవరి 14తోనే దాని సపోర్టు ఆగిపోయింది. మార్చమంటే తూకం సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదన్నారు. వాటి మీద ఏమీ వేయకుండా, ప్రతి కేంద్రంలో వైర్‌గార్డ్ తెలిసిన చిన్న మైక్రోటిక్ రౌటర్ ఒకటి పెట్టాం. డెస్క్‌టాప్ దాని వెనక ఉంటుంది, సర్వర్‌లో ఒకే ఒక్క పోర్టుకు తప్ప ఎక్కడికీ పోలేదు, ఇంటర్నెట్‌కు కూడా. సీఏ ఆఫీసుకు టాలీ సర్వర్ మాత్రమే కనబడుతుంది. టాలీ డేటా ఫోల్డర్‌ను టన్నెల్ మీద షేర్ చేసి తెరిచే అలవాటు ఒకరిద్దరికి ఉండేది, దాన్ని పూర్తిగా ఆపించాను. నడుమ లైను పోతే డేటా పాడవుతుంది. అందరూ రిమోట్ డెస్క్‌టాప్‌తో సర్వర్లోనే పనిచేయాలి.

ఐఫోన్లు, మ్యాక్‌బుక్ ఒక్క గంటలో అయిపోయాయి.

ఆండ్రాయిడ్ ఫోన్ల దగ్గరే నిజమైన పని పడింది. మొదట ఫోన్ ట్రాఫిక్ మొత్తం టన్నెల్‌లోకి పంపాను. రెండో రోజే గుమస్తాలు టన్నెల్ ఆఫ్ చేసుకోవడం మొదలుపెట్టారు. అడిగితే పరకాల గుమస్తా ఫోన్ తీసి చూపించాడు. బ్యాంకు యాప్ తెరిస్తే "వీపీఎన్ ఆపి మళ్లీ రండి" అంటోంది. అదే ఫోన్లో యూపీఐతో హమాలీలకు పైసలు కొట్టాలి, రైతులకు సీసీఐ (పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ చూసిపెట్టాలి. అది అతని సొంత ఫోన్. దాని మీద మన పెత్తనం ఎంతవరకో మనమే గీత గీసుకోవాలి. టన్నెల్‌లోకి 10.47 చిరునామాలే పంపి, యాప్‌లలో రిమోట్ డెస్క్‌టాప్ ఒక్కదాన్నే చేర్చాను. మిగతా ఫోన్‌తో మాకు సంబంధం లేదు, అతను ఏం చూస్తున్నాడో మాకు కనబడదు. ఈ మాట 17 మందికీ కూర్చోబెట్టి చెప్పాను, హబ్‌లో ఏం రాస్తామో తెరిచి చూపించాను. ఆల్వేస్ ఆన్ పెట్టాం, కానీ దాని కిందనే ఉండే "వీపీఎన్ లేకుండా కనెక్షన్లు ఆపు" ముట్టుకోలేదు. అది పెడితే చేర్చని యాప్‌లన్నిటికీ నెట్ పోతుంది.

కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి తెర ఆరిన కాసేపటికే టన్నెల్‌ను చంపేస్తాయి. ఆటోస్టార్ట్ ఇవ్వాలి, బ్యాటరీలో పరిమితి తీసేయాలి. ఒక్కో కంపెనీ ఫోన్లో ఈ సెట్టింగ్ ఒక్కో చోట ఉంటుంది. ఏ ఫోన్లో ఎక్కడుందో ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను, కొత్త ఫోన్ కొన్నప్పుడు ఇప్పుడు వాళ్లే చూసి చేసుకుంటున్నారు.

సెప్టెంబరు 24న 3389 పోర్టు మూసేశాం. పక్క రోజు లాగ్‌లో 4625లు మూడే ఉన్నాయి. మూడూ మన జమ్మికుంట గుమస్తా కొత్త పాస్‌వర్డ్ తప్పుగా కొట్టినవి.

ఒక కీ, రెండు ఫోన్లు

నవంబరులో, యార్డుల్లో పత్తి బండ్లు వరుస కట్టిన రోజుల్లో, జమ్మికుంట గుమస్తా నుంచి ఫోన్. "ఒక నిమిషం వస్తది, ఒక నిమిషం పోతది సార్." సిగ్నల్ బాగుంది. హబ్‌లో డబ్ల్యూజీ షో అనే కమాండ్ కొట్టి అతని కీ ఎదుట ఉన్న ఎండ్‌పాయింట్, అంటే అతను ఎక్కడి నుంచి పిలుస్తున్నాడో ఆ చిరునామా, చూశాను. ఒక మొబైల్ కంపెనీ చిరునామా. మళ్లీ కొట్టాను, ఈసారి ఒక బ్రాడ్‌బ్యాండ్ చిరునామా. ఇంకోసారి కొడితే మళ్లీ మొదటిది. ఒకే కీతో ఇద్దరు పిలుస్తున్నారు. చివరగా ఎవరు పిలిస్తే హబ్ వాళ్ల వైపే తిరుగుతోంది, రెండోవాళ్ల తెర ఆగిపోతోంది.

అడిగితే దాచకుండా చెప్పాడు. పరకాలలో రద్దీ ఎక్కువైందని వాళ్ల బామ్మర్ది సాయానికి పోయాడు. అతని ఫోన్‌కు కూడా కావాలి కదా అని, నేను వాట్సాప్‌లో పంపిన క్యూఆర్ బొమ్మను అతనికి ఫార్వర్డ్ చేశాడు. అతను చేసింది మంచి మనసుతోనే. తప్పు నాది. ఆ క్యూఆర్‌లో ప్రైవేట్ కీ ఉంటుందని తెలిసీ, త్వరగా అయిపోవాలని దాన్ని వాట్సాప్‌లో పంపాను. ఆ బొమ్మ ఇంకా ఎన్ని గ్యాలరీల్లో, ఎన్ని బ్యాకప్‌లలో ఉందో ఎవరు చెప్పగలరు?

ఆ వారమే 17 కీలూ మార్చాం, ఈసారి దారి తిప్పేసి. ఫోన్లోని యాప్‌లో కొత్త టన్నెల్ తెరిచి కీ అక్కడే పుట్టిస్తాం. ప్రైవేట్ కీ ఆ ఫోన్ దాటి బయటికి రాదు. దానికి జతగా పుట్టే 44 అక్షరాల పబ్లిక్ కీని మాత్రం గుమస్తా నాకు వాట్సాప్‌లో పంపుతాడు. అది ఎవరు చూసినా నష్టం లేదు. నేను హబ్‌లో చేర్చి, అతనికి ఫోన్ చేసి, చివరి ఆరు అక్షరాలు చదివించుకొని పుస్తకంలో రాసుకుంటాను. మనిషికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. బామ్మర్దికి అతని పేరు మీదే విడిగా ఒక కీ ఇచ్చాం, సీజన్ అయిపోయేదాకా అని తేదీ రాసి.

పుస్తకం

పుస్తకంలో ఒక్కో వరుసకు పరికరం, మనిషి, ఊరు, కీ చివరి ఆరు అక్షరాలు, ఇచ్చిన తేదీ, తీసిన తేదీ. నెలకోసారి హబ్‌లో చివరి హ్యాండ్‌షేక్ తేదీలు పక్కన పెట్టి చూస్తాం. 30 రోజులు పలకని పరికరం ఉంటే ఫోన్ చేసి అడుగుతాం. డిసెంబరులో అలా ఒకటి దొరికింది. కేసముద్రం గుమస్తా ఫోన్ రైల్లో పోయింది, కొత్తది కొనుక్కొని పాత పద్ధతిలో మిల్లుకు ఫోన్ చేసి లెక్క చెబుతున్నాడు. కీ తీయడం ఒక్క వరుస పని. తెలియడానికే అన్ని రోజులు పట్టింది. ఇప్పుడు ఫోన్ పోతే ముందు మిల్లుకు, తర్వాత ఇంటికి చెప్పాలని అందరికీ చెప్పాం.

వైర్‌గార్డ్ తనంతట తాను లాగ్ రాయదు. ప్రతి 5 నిమిషాలకు హ్యాండ్‌షేక్, ఎండ్‌పాయింట్ వివరాలు ఫైలులోకి పోయేలా ఒక చిన్న స్క్రిప్టు పెట్టాను. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలపాలి, దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. అదే ఆదేశాల్లో వీపీఎన్ వినియోగదారుల వివరాలు 5 ఏళ్లు దాచాలనే మాట చూసి మిల్లు అకౌంటెంట్ భయపడ్డారు. అది జనానికి వీపీఎన్ సేవ అమ్మేవాళ్లకు. సొంత ఉద్యోగుల కోసం పెట్టుకున్న కార్పొరేట్ వీపీఎన్‌కు అది వర్తించదని సెర్ట్-ఇన్ తన వివరణలోనే చెప్పింది.

సీజన్ తగ్గాక నలుగురు పని మానేశారు, వాళ్ల వరుసల ఎదుట తీసిన తేదీ పడింది. కాటారంలో విండోస్ 7 మాత్రం ఇంకా నడుస్తోంది. తూకం సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు కొత్తది ఇస్తామని రెండుసార్లు మాట ఇచ్చారు. జూన్‌లో ఇంకోసారి పోయి, వాళ్ల మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని, కొత్త మెషిన్ మీద ట్రాక్టర్ ఎక్కించి చూస్తాం. సీరియల్ కేబుల్ నుంచి యూఎస్‌బీకి మార్చే వైరు ఒకటి ఇప్పటికే కొని బ్యాగులో వేసుకున్నాను.